బలి ఎవరిది? విమోచన ఎవరికి?
(ఉద్దానం నేల మీద కొన్ని మాటల చరిత్ర)

సోంపేట పేరుతో ఉన్న రైల్వే స్టేషను నిజానికి కంచిలిలో ఉంది. అక్కడికి దగ్గర్లోనే జలంత్రకోట. 1969 మే 27న పంచాది కృష్ణమూర్తినీ ఆయన సహచరులనూ కాల్చి చంపింది అక్కడే. ఎదురుకాల్పులని పోలీసులు చెప్పారు. పట్టుకుని తీసుకుపోయి చంపారని ఉద్యమం చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో బొడ్డపాడు గుడి పూజారి, కవి సుబ్బారావు పాణిగ్రాహి అలాగే చనిపోయాడు. ఆనాటి నుంచి మన కవిత్వంలో, నివాళి వ్యాసాల్లో, సభల ఉపన్యాసాల్లో కొన్ని మాటలు విడవకుండా వినబడుతున్నాయి: బలిదానం, రక్తతర్పణం, ఆత్మార్పణ, త్యాగధనులు.

ఇదే తీరంలో ఏటా గుడ్ ఫ్రైడే నాడు చర్చిల్లో సిలువ మీది ఏడు మాటల గురించి ప్రసంగాలు జరుగుతాయి. అక్కడ వినబడేవి కూడా దాదాపు ఇవే మాటలు: బలి, త్యాగం, రక్తం, విమోచన. ఒకరు భౌతికవాదులు, మరొకరు విశ్వాసులు. ఇద్దరూ ఒకే గాదెలోంచి గింజలు తీస్తున్నారు. ఈ పోలిక చూసి నవ్వుకుని ఊరుకోవచ్చు, మతం మత్తుమందన్న ఒక్క వాక్యంతో పక్కకు నెట్టెయ్యనూ వచ్చు. కానీ మాటలతో పని చేసేవాళ్ళం మనం. మనం వాడే మాట ఎక్కడినుంచి వచ్చిందో, ఎవరి పనికి వచ్చిందో తెలుసుకోకుండా వాడితే, ఆ మాట మన నోట ఎదుటివాడి పని చేసిపెడుతుంది. ఈ వ్యాసం ఆ భయంలోంచి పుట్టింది.

1

ముందు మాటల సంగతి చూద్దాం. ‘బలి’ అంటే మనకు వెంటనే దున్నపోతు, మేకపోతు, గ్రామదేవత గుర్తొస్తాయి. ఆ మాటకు మరో పాత అర్థముంది. అది పన్ను. రాజుకు ప్రజలు చెల్లించుకునే కప్పం. బుద్ధుడు పుట్టిన చోటని లుంబిని గ్రామానికి అశోకుడు బలి రద్దు చేసి, పంటలో రాజభాగం ఎనిమిదో వంతుకు తగ్గించినట్టు అక్కడి స్తంభ శాసనం చెబుతుంది. అంటే బలి అనేది కింది నుంచి పైకి వెళ్ళేది. దేవతకైనా రాజుకైనా బలహీనుడు బలవంతుడికి చెల్లించేది. ‘త్యాగం’ దారి వేరు. యజ్ఞ పరిభాషలో ఇది నాది కాదని వదులుకోవటమే త్యాగం. తన చేతిలో ఉన్నదాన్ని తనే విడవాలి. మరొకడి దగ్గర లాక్కుని దాన్ని త్యాగం అనటం కుదరదు. బలికి బలయ్యేవాడి అంగీకారం అక్కర్లేదు. త్యాగానికి కర్త తప్పనిసరి.

ఈ రెండు మాటలూ క్రైస్తవం తెలుగులోకి వచ్చినప్పుడు ఒకే మనిషి శరీరం మీద కలుసుకున్నాయి. లండన్ మిషనరీ సొసైటీ తరఫున క్రాన్, డే గ్రాంజ్ అనే ఇద్దరు 1805లో విశాఖపట్నం చేరారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సహాయంతో అనువాదం మొదలుపెట్టారు. ఆ ఇద్దరు మిషనరీలూ చనిపోయాక, 1812లో మూడు సువార్తలు శ్రీరాంపూర్ ముద్రణాలయంలో అచ్చయ్యాయి. తర్వాత్తర్వాత తెలుగు బైబిల్లో స్థిరపడిన మాటలు చూడండి: దహనబలి, ప్రాయశ్చిత్తం, విమోచన క్రయధనం, రక్షణ. మొదటి రెండూ వైదిక కర్మకాండకూ ధర్మశాస్త్రాలకూ చెందినవి. మూడోది అంగడి మాట. నాలుగోది కోటకూ సైన్యానికీ చెందిన మాట. మోక్షం, ముక్తి అనే మాటలు కీర్తనల్లో నిలిచాయిగాని, గ్రంథంలో ప్రధాన స్థానం రక్షణకే దక్కింది. మోక్షం సంసారం నుంచి తప్పుకోవటం. రక్షణ శత్రువు చేతిలోంచి బయటపడటం. ఈ తేడా చిన్నది కాదు.

‘విమోచన క్రయధనం’ మరీ గమనించదగ్గది. పాత నిబంధన కాలంలో అది వేదాంతం కాదు, వ్యవహారం. అప్పు తీర్చలేక ఒకడు తనను తాను అమ్ముకుంటే, దగ్గరి బంధువు సొమ్ము కట్టి విడిపించాలి. ఆ బంధువే విమోచకుడు. ఏభయ్యో ఏట అందరినీ విడిచిపెట్టాలనీ, అమ్ముడుపోయిన భూమి తిరిగి ఇచ్చెయ్యాలనీ లేవీయకాండం 25వ అధ్యాయం చెబుతుంది. ఏసు మాట్లాడిన అరమాయిక్ భాషలో అప్పుకూ పాపానికీ ఒకటే మాట. అందుకే మత్తయి సువార్తలోని ప్రార్థన పాపాల గురించి కాదు, ఋణాల గురించి మాట్లాడుతుంది. తెలుగు అనువాదం కూడా ఋణమనే ఉంచింది. భూస్వామి దగ్గర అప్పు తీరక కంబారిగా ఏళ్ళు గడిపిన వాడికీ, మన్యంలో షావుకారు కింద గోతీగా కుదిరిన సవరవాడికీ ఆ ప్రార్థన ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించాలి. ఋణమనే మాటను ఆత్మకు సంబంధించినదిగా మార్చటానికి పండితులు కావాలి. దాన్ని దాని సొంత అర్థంలో వినటానికి అప్పున్నవాడైతే చాలు.

2

మన నేల మీద బలి అనేది ఉపమానం కాని రోజులున్నాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా సోంపేట, టెక్కలి ప్రాంతాలు మద్రాసు రాష్ట్రపు గంజాం జిల్లాలో భాగం. ఆ జిల్లా కొండల్లో కోందుల మేరియా ఆచారం ఉండేది. పంట కోసం, భూదేవత తారి పెన్ను కోసం మనిషిని బలి ఇవ్వటం. 1830ల్లో పర్లాకిమిడి, ఘుంసూర్ తిరుగుబాట్లను అణచటానికి వచ్చిన జార్జి రసెల్ నివేదికల ద్వారా ఇది ప్రభుత్వ కాగితాల్లోకి ఎక్కింది. 1845లో దీని కోసమే ప్రత్యేకంగా చట్టం చేసి, ఒక ఏజెన్సీ పెట్టారు. మెక్‌ఫర్సన్, ఆ తర్వాత క్యాంప్‌బెల్ దాన్ని నడిపారు.

మేరియాలో మనకు కావలసిన వివరం ఒకటుంది. బలి అయ్యే మనిషిని తప్పనిసరిగా వెల ఇచ్చి కొనాలి. కొనని మనిషి బలికి పనికిరాడు. వెల చెల్లించాం కనుక పాపం మాకంటదు అన్నది ఆ తంతులో ఒక ముఖ్యమైన వాదన అని మెక్‌ఫర్సన్ నమోదు చేశాడు. పిల్లలను తెచ్చి అమ్మేది ఎక్కువగా పనో, డొంబు కులాల మధ్యవర్తులు. అమ్ముడుపోయేది మైదానాల్లోని దిక్కులేని పిల్లలు, కరువులో కన్నవాళ్ళే అమ్ముకున్న బిడ్డలు. తప్పించిన పిల్లల్లో చాలామందిని బరంపురం, కటకం మిషన్ అనాథాశ్రమాలకు అప్పగించారు. వెల పెట్టి కొనబడ్డ ఆ పిల్లలు అక్కడ విన్న మొదటి వేదాంతంలో మీరు వెలపెట్టి కొనబడినవారన్న పౌలు మాట ఉండే ఉంటుంది. దాన్ని వాళ్ళు ఎలా అర్థం చేసుకున్నారో చెప్పే కాగితం మన చేతిలో లేదు. మిషనరీల ఉత్తరాలు మిగిలాయి, పిల్లల మాటలు మిగల్లేదు. చరిత్ర రచనలో వర్గ స్వభావం అంటే ఇదే.

ఇంతటితో ఆగితే అనాగరికుల నుంచి తెల్లవాడు కాపాడాడన్న కథ తయారవుతుంది. కథ అంతటితో ఆగలేదు. ఘుంసూర్ యుద్ధాల్లో (1835–37) కంపెనీ సైన్యం కోందుల ఊళ్ళు తగలబెట్టింది, ధాన్యం తగలబెట్టింది, ఎందరినో ఉరి తీసింది. మేరియాను అణచటం ఆ కొండల మీద పట్టు బిగించటానికి నైతికమైన సాకు కూడా అయింది. 1995లో ఫెలిక్స్ పేడెల్ తన పుస్తకంలో ఈ ప్రశ్నే లేవనెత్తాడు: నాగరికత పేరుతో ప్రభుత్వం ఆదివాసులను అర్పించింది కదా, అది నరబలి కాదా? మేరియాను సమర్థించాలని కాదు ఈ మాట. కొన్న బిడ్డను నరికిన చేతినీ, ఊరు తగలబెట్టిన చేతినీ ఒకే తూకంలో తూచాలని. రెండు చోట్లా ఒకటే తర్కం: పెద్ద మేలు కోసం కొందరు పోవాలి. ఆ ‘కొందరు’ ఎవరో నిర్ణయించేది మాత్రం పోనివాళ్ళు.

3

క్రైస్తవంలో ఈ తర్కం మీద చర్చ కొత్తది కాదు. అది లోపలే ఉంది. ప్రవక్తలు ఆమోసు, హోషేయ దేవుడికి బలులు అక్కర్లేదు, న్యాయమూ కనికరమూ కావాలన్నారు. గుడికీ పురోహిత వర్గానికీ ఎదురుగా అన్న మాట అది. సిలువ అయితే అసలు బలిపీఠమే కాదు. అది రోము సామ్రాజ్యం బానిసలకూ తిరుగుబాటుదార్లకూ వేసిన శిక్ష. క్రీ.పూ. 71లో స్పార్టకస్ తిరుగుబాటు ఓడిపోయాక ఆరు వేల మందిని అప్పియన్ దారి పొడుగునా సిలువ వేశారు. ఆ ఆరు వేల మందినీ ఎవరూ బలి అనలేదు. మరి ఒక్కరి చావు బలి ఎలా అయింది?

యోహాను సువార్త 11వ అధ్యాయంలో దీని జాడ ఉంది. ఏసు వల్ల రోమనులు వచ్చి తమ స్థానాన్నీ జనాన్నీ నాశనం చేస్తారని పెద్దలు భయపడతారు. ప్రధాన యాజకుడు కయప లెక్క చెబుతాడు: జనమంతా నశించేకన్నా ఒక్కడు చావటం మేలు. ఇది వేదాంతం కాదు, పాలక వర్గపు రాజనీతి. సువార్తకారుడు దాన్ని హంతకుడి నోట పెట్టాడు. అయితే ఆ వెంటనే, కయప తనకు తెలియకుండానే ప్రవచించాడని కూడా రాశాడు. చిక్కంతా అక్కడే మొదలైంది. ఒకే వాక్యం హత్యకు పథకమూ అయింది, రక్షణకు సిద్ధాంతమూ అయింది. తర్వాతి రెండు వేల ఏళ్ళ చర్చ ఈ రెండింటినీ విడదీయటానికో, కలిపి ఉంచటానికో జరిగిందే.

11వ శతాబ్దం చివర ఆన్‌సెల్మ్ దీనికి ఫ్యూడల్ సమాధానం చెప్పాడు. మనిషి దేవుడి గౌరవానికి భంగం కలిగించాడు. అధిపతి ఎంత గొప్పవాడైతే అపరాధం అంత పెద్దది. తీర్చగలిగినవాడు దేవుడే, తీర్చవలసినవాడు మనిషి. కనుక దేవుడే మనిషి కావాలి. ప్రభువుకూ వాసలునికీ ఉన్న సంబంధం ఆకాశానికెక్కిన తీరు ఇది. తర్వాతి తరంవాడు అబెలార్ ఒప్పుకోలేదు. సిలువ దేవుడి మనసు మార్చటానికి కాదు, మనిషి మనసు మార్చటానికి అన్నాడు. 1594లో అచ్చయిన గ్రంథంలో సొసైనస్ ఇంకా సూటిగా అడిగాడు: అప్పు మాఫీ చేశారా, వసూలు చేశారా? వసూలు చేస్తే మాఫీ ఎక్కడిది? మాఫీ చేస్తే రక్తం ఎందుకు? వడ్డీ వ్యాపారం పెరుగుతున్న యూరప్‌లో పుట్టిన ప్రశ్న ఇది. మన రైతుకు దీన్ని వివరించి చెప్పక్కర్లేదు.

భారతదేశంలో ఈ చర్చను లేవదీసింది రామ్మోహన్ రాయ్. 1820లో ఆయన సువార్తల్లోంచి ఏసు నీతిబోధలను మాత్రం ఏరి అచ్చు వేశాడు. అద్భుతాలూ సిద్ధాంతాలూ వదిలేశాడు. శ్రీరాంపూర్ మిషనరీ మార్ష్‌మన్ విరుచుకుపడ్డాడు. ప్రాయశ్చిత్త బలి లేకుండా బోధ ఒక్కటే రక్షిస్తుందా అన్నాడు. రామ్మోహన్ మూడు విజ్ఞప్తులు రాశాడు. నిర్దోషిని శిక్షించి దోషిని వదిలెయ్యటం ఏ న్యాయం అన్నది ఆయన ప్రశ్నల్లో ఒకటి. 1823 నాటి చివరి విజ్ఞప్తిని బాప్టిస్టు ముద్రణాలయం అచ్చు వెయ్యనంటే తనే అచ్చు వేయించుకున్నాడు. ఆయనతో కలిసి పని చేసిన విలియం ఆడమ్ అనే మిషనరీ 1821లోనే త్రిత్వ సిద్ధాంతం వదులుకున్నాడు. తెలుగు సువార్తలు అచ్చయిన శ్రీరాంపూర్ కేంద్రమే ఈ వాదంలో ఒక పక్షం. అనువాదంతోపాటు ఒక సిద్ధాంతం కూడా మన దాకా ప్రయాణం చేసిందని గుర్తుపెట్టుకోవాలి.

4

రామ్మోహన్ చర్చ కలకత్తాది, మేధావులది. మన వైపు విషయం పాటగా వచ్చింది. బెంగాలీ బ్రాహ్మణ వంశంలో 1803లో పుట్టి, పర్లాకిమిడి ప్రాంతంలో పెరిగిన పురుషోత్తమ చౌదరి 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నాడు. 1890లో చనిపోయేదాకా ఆయన రాసిన కీర్తనలు నేటికీ తెలుగు చర్చిల్లో పాడుతున్నారు. రాగతాళాలు మనవి, ఛందస్సు మనది, పద సంపద సంస్కృతానిది. బలి భావాన్ని వైదిక సంస్కృతి ఎరిగినవాడే తెలుగు క్రైస్తవంలోకి తెచ్చాడు. ఆ పాటలు పాడినవాళ్ళు మాత్రం ఎక్కువగా యజ్ఞశాల గడప దాటనివ్వని కులాలవాళ్ళు. యాజకుడూ బలిపశువూ ఒక్కడే అన్న సిద్ధాంతం బ్రాహ్మణుడికి వేదాంత చమత్కారంగా కనిపించి ఉండొచ్చు. ఊరి జాతరలో దున్నను నరికే పనీ, కళేబరం మోసే పనీ వంతుగా వచ్చిన కులాలకు అది వేరేగా వినిపించింది. ఇక బలి అక్కర్లేదు, అంతా ఒక్కసారే అయిపోయింది అన్న మాట వాళ్ళకు ఒక వెట్టిచాకిరీ నుంచి విడుదల.

1870ల తర్వాత ఈ తీరమంతా కెనడా బాప్టిస్టులు పని చేశారు. బడులు, ఆస్పత్రులు పెట్టారు. సోంపేట ఆరోగ్యవరం కంటి ఆస్పత్రిలో పని చేసిన డాక్టర్ బెన్ గలిసన్ కోరిక మీద 1963లో కెనడాలోని కాల్గరీలో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ పుట్టింది. చూపు రావటం కూడా రక్షణే. సువార్తల గ్రీకులో బాగు చెయ్యటానికీ రక్షించటానికీ చాలాచోట్ల ఒకే క్రియ వాడటం యాదృచ్ఛికం కాదు. మిషన్లు వలస పాలన నీడలో పెరిగాయి, జమీందారీ దోపిడీని ప్రశ్నించలేదు, ఆత్మ రక్షణ చెప్పి భూమి సంగతి వదిలేశాయి. ఈ విమర్శ సరైనదే. కానీ పలక పట్టనివ్వని పిల్లకు పలక ఇచ్చినవాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు విమర్శకుడు తన పూర్వీకులు ఏం చేశారో కూడా చెప్పాలి. ఆ నిజాయితీ మన అభ్యుదయ విమర్శలో తరచు లోపించింది. జాషువా ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మన విమర్శ ‘గబ్బిలం’ దగ్గర ఆగినంతసేపు ఆ కావ్యం దగ్గర ఆగలేదు. అంటరానితనం ఎరిగిన కవి సిలువను ఎందుకు ఎంచుకున్నాడన్నది ఇప్పటికీ అడగవలసిన ప్రశ్న.

లాటిన్ అమెరికాలో గుటియెర్రెజ్ 1971లో విమోచన వేదాంతం రాశాడు. 1980 మార్చి 24న ఆర్చిబిషప్ రొమెరోను ఎల్ సాల్వడార్‌లో పూజ చేస్తుండగానే కాల్చేశారు. మన దేశంలో 1981 నుంచి అరవింద్ నిర్మల్ దళిత వేదాంతం మాట్లాడాడు. వీళ్ళకు సిలువ దేవుడు కోరిన బలి కాదు, పేదల పక్షం తీసుకున్నందుకు చెల్లించిన మూల్యం. స్త్రీవాదులు ఇంకో అడుగు ముందుకు వేశారు. భరించటమే పవిత్రమని చెప్పే ఏ సిద్ధాంతమైనా చివరికి ఆడవాళ్ళ వీపు మీదే మోపబడుతుందన్నారు. మనం అమ్మకు తగిలించిన ‘త్యాగమూర్తి’ బిరుదు కూడా ఆ జాతిదే.

5

మేరియా ప్రాంతానికి మళ్ళీ వెళ్దాం. 2008 ఆగస్టు 23న ఒడిశా కందమాల్ జిల్లాలో హిందూ మత నాయకుడు లక్ష్మణానంద సరస్వతినీ ఆయనతో ఉన్నవాళ్ళనూ హత్య చేశారు. మావోయిస్టులు తామే చేశామని ప్రకటించారు. కానీ దాడులు క్రైస్తవుల మీద జరిగాయి. పదుల మంది చనిపోయారు, వేలాది ఇళ్ళు కాలిపోయాయి, జనం అడవుల్లోకీ శిబిరాలకూ పారిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది పనో దళితులు. ఆదివాసులకూ పనోలకూ మధ్య భూమి, రిజర్వేషన్ల తగాదాను మతం మంటగా మార్చారు.

సంక్షోభంలో పడ్డ సమాజం ఎదురు తిరగలేనివాడిని ఎంచుకుని, అతని మీద దోషం మోపి, చంపి, శాంతి పొందుతుందని 1972లో రెనె జిరార్ వాదించాడు. సువార్తలు ఆ యంత్రాంగాన్ని బలిపశువు వైపు నుంచి చెప్పి బట్టబయలు చేశాయన్నది తర్వాత ఆయన చేసిన ప్రతిపాదన. జిరార్ వర్గాల గురించి దాదాపు మాట్లాడడు. అది ఆయన లోపం. కానీ కందమాల్‌ను అర్థం చేసుకోవటానికి బలిపశువు అన్న మాట పనికొస్తుంది. అక్కడ మనకూ ఒక చేదు ప్రశ్న ఉంది. ఒక హత్యను ఉద్యమ చర్యగా ప్రకటించినప్పుడు, దాని ఫలితం ఆయుధం లేని దళితుల గుడిసెల మీద పడుతుందని ఎవరు లెక్కించారు? చావుకు సిద్ధపడటం త్యాగం కావచ్చు. ఇతరుల చావును కూడా అందులో కలిపి లెక్క వెయ్యటం కయప పనే, చేసింది ఎవరైనా సరే.

6

చివరగా సోంపేట. బీల నేలల్లో థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని వ్యతిరేకించిన రైతుల మీద, మత్స్యకారుల మీద 2010 జూలై 14న పోలీసులు కాల్పులు జరిపారు. ఇద్దరు చనిపోయారు. ఆ ప్రాజెక్టుకు ఇచ్చిన పర్యావరణ అనుమతిని అప్పీలు అథారిటీ రద్దు చేసింది కూడా అదే రోజు. 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలో మళ్ళీ కాల్పులు, మళ్ళీ శవాలు. ఇలాంటి ప్రతి చోటా అభివృద్ధి కోసం కొందరు త్యాగం చెయ్యాలనే మాట వినపడుతుంది. ఇక్కడ త్యాగం అన్న మాటకు కర్త మారిపోయాడు. వదులుకోవాల్సింది ఒకడు, వదులుకొమ్మనేది మరొకడు. అది బలి. పాత అర్థంలో కూడా బలే. రాజుకు చెల్లించే కప్పం.

అందుకే రచయితలకు నాదొక విన్నపం. బలికీ త్యాగానికీ మధ్య గీత చెరగనివ్వకండి. సోంపేటలో చనిపోయినవాళ్ళు బలిదానం చెయ్యలేదు, వాళ్ళను చంపారు. ‘బలిదానం’ అని రాసిన క్షణంలో తుపాకీ పట్టిన చెయ్యి వాక్యంలోంచి మాయమైపోతుంది. జలంత్రకోట మృతులు తమ ఇష్టంతో ఆ దారి ఎంచుకున్నారు. అది త్యాగం. కానీ వాళ్ళను చంపటం హత్య. ఒకే నివాళిలో ఈ రెండు సంగతులూ రెండు వాక్యాలుగా ఉండాలి. చర్చి చేసిన పొరపాటు కూడా ఇక్కడే. దేవుడి ప్రణాళిక అంటూ పిలాతు చేతులు కడిగేసింది. ఆ చేతులు మనమూ కడగకూడదు.

రక్తం దానంతటది ఏదీ పండించదు. మేరియా రక్తం పోసిన పొలంలో పసుపు ఎర్రగా పండుతుందని కోందులు నమ్మారు. రక్తం చిందితే విప్లవం పండుతుందన్న నమ్మకం కూడా ఆ పొలంలోనిదే. పండించేది పని, సంఘటన, చైతన్యం. చనిపోయినవాళ్ళను గౌరవించటమంటే వాళ్ళ చావును కీర్తించటం కాదు, వాళ్ళు బతికి చేసిన పనిని చెప్పటం. ఆ పని ఇంకా ఎంత మిగిలి ఉందో లెక్క తీయటం. పాణిగ్రాహి జముకుల కథ కట్టి ఊరూరా పాడినవాడు. చచ్చిపోయినందుకు కాదు, పాడినందుకు మనకు కావాలి.

విమోచన అంటే అప్పున్నవాడి కట్లు విప్పటం. అది మొదట ఈ లోకపు మాట, భూమి మాట, అప్పు పత్రం మీది మాట. దాన్ని పైలోకానికి పంపినవాళ్ళతో మనం వాదించాం, వాదిస్తాం. ఆ వాదనలో గెలవాలంటే ముందు మన నివాళి వ్యాసాల్లోంచి ఆ బలిపీఠాన్ని దించాలి.